గొంగళి సంగతి ఎర్ర సిరాలో

బ్రాడ్‌ఫర్డ్,
నవంబరు 9, ఆదివారం.

అమ్మా,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నాన్నగారూ, ఎర్రావూ క్షేమమని తలుస్తాను.

రోజూ వీడియోలో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని కంగారు పడకు. నువ్వు ఫోను స్పీకర్లో పెట్టందే మాట్లాడవు. పక్కన మడతమంచం మీద నాన్నగారు ఉండనే ఉంటారు. మనిద్దరి మధ్యే ఉండాల్సిన మాట ఒకటి వచ్చి పడింది. ఉత్తరం వచ్చిందంటే ఆయన ఊరుకోరు. శుక్లాల ఆపరేషనయ్యాక నెల్లాళ్లు చదవొద్దన్నారు గనక నీచేత చదివించుకుంటారు. అందుకని రెండు సిరాలు వాడుతున్నాను. నీలం సిరా పైకి చదువు. ఎర్ర సిరా మనసులో చదువుకో. నవ్వకు మాత్రం. నీ నవ్వే మనల్ని పట్టిస్తుంది.

(నీలం సిరా)

మొన్న మీ కోడలి వెనకాల చూసి “కొత్త బీరువాలు కొన్నారా?” అన్నావే, అవి బీరువాలు కావు, స్పీకర్లు. నేనే చేశాను. వాటిని ట్రాన్స్‌మిషన్ లైన్ స్పీకర్లంటారు.

స్పీకరంటే కాగితం గరాటు లాంటిదే. అది ముందుకు తోస్తే ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ముందు శబ్దం ఔనంటే వెనక శబ్దం కాదంటుందన్నమాట. రెంటినీ కలవనిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మృదంగం మాయమవుతుంది, దోమ పాట మిగులుతుంది. పెదనాన్న, చిన్నాన్న ఒకే అరుగు మీద కూర్చుంటే పొలం గట్టు తగువు తేలనట్టే ఇదీను. కొన్ని పెట్టెల్లో ఆ వెనక శబ్దాన్ని లోపలే బంధిస్తారు. ఈ పద్ధతిలో అలా కాదు. దాన్ని ఓ పొడుగాటి గొట్టంలో నడిపించి, దారిలో గొణుగుడంతా ఉన్నికి అప్పగించి, కోపం చల్లారాక బయటికి వదులుతారు. అప్పుడది ముందు శబ్దానికి అడ్డం పడకపోగా, అడుగు స్వరాలకి దన్నుగా నిలబడుతుంది.

గొట్టం పొడవుకో లెక్క ఉంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. నాకు 50 హెర్ట్జ్ (అంటే సెకనుకి 50 ఊపులు) దాకా దిగాలని ఆశ. 343ని 50తో భాగిస్తే ఒక అల పొడవు 6.86 మీటర్లు. అందులో పావు వంతు, 1.715 మీటర్లు, గొట్టం ఉండాలి. టేపు పట్టి చూస్తే కచ్చితంగా నాన్నగారి ఎత్తు! నాన్నగారంత గొట్టాన్ని నడుం దగ్గర మడిచి మూడడుగుల పెట్టెలో పెట్టాను. (ఈ వాక్యం కూడా ఎర్ర సిరాలో రాయాల్సింది. చూసుకోలేదు.) గరాటుని గొట్టం మొదట్లో పెట్టకుండా, మూసిన కొస నుంచి మూడో వంతు దూరంలో బిగించాలి. అలా చేస్తే గొట్టంలో పుట్టే అపస్వరాల్లో మొదటిది పుట్టకుండానే పోతుంది.

పెట్టెకి ఒకటే గరాటు. సన్న గొంతూ, లావు గొంతూ అన్నీ దానివే. పెళ్ళిలో వంటా, వడ్డనా, చదివింపుల లెక్కా అన్నీ మన సూరి మావయ్యే చూసుకున్నట్టు. అందుకే ఫుల్ రేంజ్ అన్నారు. జపాన్ సరుకు. అట్టపెట్టెలోని కాగితం చదువుతుంటే, గరాటు గుజ్జులో ‘కెనాఫ్’ నార కలిపామని ఉంది. ఇదేం వింత చెట్టో అని వెతికాను. అమ్మా, అది మన గోగు! తాతయ్య మెట్టలో వేసి, కోసి, చెరువులో ఊరబెట్టి నార ఒలిచిన గోగు. ఆ ఊరిన వాసనకే కదా నేను చెరువుగట్టు దారిన బడికి వెళ్ళనని ఏడ్చింది. ఈ మాట మీ కోడలికి చెబితే, “ఇన్ని డబ్బులు పోసి తెచ్చింది గోంగూరా?” అంది.

(ఎర్ర సిరా)

డబ్బుల లెక్క అడక్కు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు దుకాణంలోనే కోయించాను. జిగురు ఆరేదాకా పలకల్ని బిగించి పట్టే క్లాంపులు కావాలి. డజను కొనాలంటే మనసొప్పక రెండు కొని, మిగతా చోట్ల బియ్యం బస్తాలు బరువు పెట్టాను. మర్నాడు పొద్దున్న మీ కోడలు అన్నం వండబోతే బియ్యం లేవు. నేను చూపించాను. బస్తా ఎత్తింది. అడుగు పెట్టెకి అంటుకుపోయింది, బియ్యం కార్పెట్ మీద ఒలికిపోయాయి. ఆ రోజు ముగ్గురం రొట్టె తిన్నాం. మాట్లాడుకోకుండా తిన్నాం.

(నీలం సిరా)

ఈ ఊరి గొప్ప ఒకటి చెప్పాలి. బ్రాడ్‌ఫర్డ్ ఒకప్పుడు లోకానికంతటికీ ఉన్ని రాజధాని. 1867లో తెరిచిన ఉన్ని మార్కెట్ భవనం ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడందులో పుస్తకాలు అమ్ముతున్నారు. సరిగ్గా ఈ ఊళ్ళోనే ఎ.ఆర్. బెయిలీ అనే ఆయన పాఠాలు చెప్పేవాడు. ఆయన 1965 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఈ గొట్టం పెట్టెల గురించి రాశాడు. మడతల గొట్టం అంతకుముందూ ఉంది. 1930లలోనే అమెరికాలో రేడియోలకి పెట్టారు. కానీ గొట్టం నిండా పొడుగు వెంట్రుకల ఉన్ని వదులుగా నింపాలన్నది బెయిలీ పట్టు. ఉన్ని ఊళ్ళో ఉన్నవాడికి ఉన్ని తట్టడంలో వింతేముంది? మన విజయనగరంలో పుట్టుంటే గోగునార కూరమనేవాడు.

ఉన్ని ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటే పక్కింటి ముసలావిడ పిలిచింది. పదిహేనో ఏట మిల్లులో చేరిన మనిషి. గుప్పెడు ఉన్ని వేళ్ళ మధ్య లాగి చూసి, “ఇది పొట్టిది, పనికిరాదు లవ్” అని తీర్పు చెప్పింది. ఈ యార్క్‌షైర్‌లో పాలవాడినీ, పోస్టువాడినీ అందరినీ ‘లవ్’ అనే పిలుస్తారు. మీ కోడలికి అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఆవిడే ఎక్కణ్ణుంచో పొడుగు ఉన్ని తెప్పించి, మా వంటింట్లో కూర్చుని ఏకడం నేర్పింది. ముద్దని రెండు చేతులా పట్టుకుని లాగడం, సగం సగం మీద వేసి మళ్ళీ లాగడం. నాలుగోసారికి ముద్ద కాస్తా పొగలా విచ్చుకుంది. నువ్వు దిండ్లకి దూది ఏకినట్టే. చేతులు వేరు, పని ఒకటే.

ఇంత నేర్చుకుని కూడా, ఎక్కువ వేస్తే ఎక్కువ మేలని దొరికిందంతా కుక్కేశాను. వింటే ఘంటసాలకి పడిశం పట్టినట్టుంది. అంతా తీసేశాను. బావిలోంచి పాడుతున్నాడు. మూడు వారాలు కూరడం, పీకడం. చివరికి ఓ రాత్రి వీడియోలో నా చేతికంటిన ఉన్ని చూసి నువ్వే అన్నావు: “ఏవిట్రా కుక్కుతున్నావు? దూది కుక్కితే దిండు కాదురా, రాయవుతుంది. తల ఆనే చోట కాస్త మందంగా, అంచుల్లో పలచగా ఉండాలి.” ఫోను పెట్టేసి సరిగ్గా అలాగే చేశాను. గరాటు వెనకాల మందంగా, దారి పొడుగునా పలచబరుస్తూ, గొట్టం నోటి దగ్గర చివరి అడుగున్నర పూర్తిగా ఖాళీ. అంతే, దారికొచ్చింది! ఇప్పుడు 50 హెర్ట్జ్ స్వరం పెట్టి చూస్తే గరాటు కదిలీ కదలనట్టుంటుంది. కింద నోటి దగ్గర అరచెయ్యి పెడితే మాత్రం ఎవరో వేడి పాలు ఊదుతున్నట్టు గాలి తగులుతుంది. పనంతా ఆ గొట్టమే చేస్తోంది.

(ఎర్ర సిరా)

నువ్వు చెప్పావని మీ కోడలితో అనలేదు. బెయిలీ చెప్పాడన్నాను. క్షమించు.

మరో రెండు పరువు తక్కువ పనులు. జత పూర్తయిన రోజు స్నేహితుల్ని భోజనానికి పిలిచి పాట పెట్టాను. గొంతు గదిలో ఎక్కడుందో తెలియదు, మృదంగం అసలే లేదు. “చాలా నేచురల్‌గా ఉంది” అన్నారు వాళ్ళు, బిర్యానీ మీద గౌరవంతో. వాళ్ళు వెళ్ళాక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒకటి తీసి తీగలకి ఆనించాను. ఎడమ గరాటు ముందుకు ఉబికింది, కుడిది వెనక్కి పోయింది. ఒకదానికి ఎర్ర తీగా నల్ల తీగా తారుమారు చేశానన్నమాట. ఒకటి ఔనంటుంటే రెండోది కాదంటోంది. మళ్ళీ పెదనాన్న, చిన్నాన్న!

ఆపైన ఒకే స్వరం దగ్గర ‘జుర్‌ర్’మని మోత. జిగురు వదిలిందనుకుని వెనక పలక పన్నెండు మరలూ విప్పి, లోపల అడ్డకర్ర ఇంకోటి బిగించి, మళ్ళీ పన్నెండూ బిగించాను. మోత పోలేదు. మా చిన్నది వచ్చి, “నాన్నా, దానికి ఆకలేస్తోందని నేను గరిటె పెట్టాను” అంది. పెట్టె నోట్లో, చెయ్యి పెడితే అందేంత దూరంలో, ఉప్మా గరిటె.

(నీలం సిరా)

ఒక్క గరాటు స్పీకర్లకి ఒక జబ్బుంది. అడుగు స్వరాలు పెట్టె చుట్టూ జారిపోతాయి, పై స్వరాలు మొహమ్మీద పడతాయి. దాంతో పాట కాస్త గయ్యాళిగా వినిపిస్తుంది. దానికి తీగచుట్ట ఒకటి, పక్కనే రెసిస్టర్ ఒకటి కలిపి దారిలో పెడితే నెమ్మదిస్తుంది. పెట్టాను, నెమ్మదించింది.

ఇప్పుడు అసలు మాట. నాన్నగారు ఎప్పుడూ అంటారు కదా, పంచాయతీ ఆఫీసు చెక్క రేడియోలో ఘంటసాల పలికినట్టు మళ్ళీ ఎక్కడా పలకలేదని. నేను నవ్వేవాణ్ణి. “అది పాత డబ్బా, మీకు ఆ రోజుల మీద మోజు” అనేవాణ్ణి. మొన్న రాత్రి అందరూ పడుకున్నాక దీపం ఆర్పి, ఘంటసాల పాట ఒకటి సన్నగా పెట్టుకున్నాను. గొంతు రెండు పెట్టెల మధ్య ఖాళీలో నిలబడింది. చరణానికి ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. అప్పుడు వెలిగింది. ఆ పంచాయతీ రేడియోలో ఏముండేది? చెక్క పెట్టె, అందులో ఒకే ఒక కాగితం గరాటు. గొంతుని ముక్కలు చేసి మూడు గరాటులకి పంచే పని లేదు. రెండేళ్ళు తంటాలు పడి, చేతులు కోసుకుని, నేను వచ్చి చేరింది నాన్నగారు చిన్నప్పుడు లాగూ వేసుకుని నిలబడ్డ ఆ పంచాయతీ ఆఫీసు అరుగు దగ్గరికే. అడుగు స్వరాలు మాత్రం నావి. అవి ఆ రేడియోలో లేవు. అంతవరకు ఒప్పుకోమను.

ఇది రికార్డు చేసి పంపమని అడక్కండి. ఇంత గొట్టం దాటి వచ్చింది మీ ఫోనులోని గోరంత స్పీకర్లోంచి రాదు. వేసవికి వచ్చి వినండి.

(ఎర్ర సిరా)

ఇక ఏ మాట కోసం ఈ ఉత్తరం మొదలుపెట్టానో అది. గరాటు వెనక చెక్క గోడకి మెత్తటిదీ బరువైనదీ ఏదో ఒకటి అంటించాలి. దుకాణంలో దొరికిన ఫెల్ట్ కుడి పెట్టెకే సరిపోయింది. అర్ధరాత్రి, దుకాణాలు లేవు. అలమరలో నాన్నగారు విశాఖ విమానాశ్రయంలో నా చేతిలో పెట్టిన తాతయ్య నల్ల గొంగ

(నీలం సిరా)

అమ్మా, ఎర్ర రీఫిల్ అయిపోయింది. ఇంట్లో ఇంకోటి లేదు. నువ్వు ఆగిన చోటల్లా ఏదో ఉందని నాన్నగారికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇక దాచి లాభం లేదు, పైకే చదువు.

నాన్నగారూ, గొంగళి కోశాను. సగం చిమటలు కొట్టేశాయి. బాగున్న సగం ఎడమ పెట్టెకి సరిపోయింది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరకూడదంటారు. నేను గొంగళినే ముక్కలు చేశాను. మీరు తిడితే పడతాను. కానీ ఒక్క మాట. తాతయ్య ఆ గొంగళి కప్పుకుని గోగు చేనికి కాపలా కాసేవాడని మీరే చెప్పారు. ఇప్పుడూ అదే కాస్తోంది. ముందు గోగునార గరాటు పాడుతోంది, వెనకాల గొంగళి నిలబడింది. ఆ పెట్టెలో ఘంటసాలకి ఈ దేశపు చలి అంటడం లేదు.

కుడి పెట్టెలో మాత్రం ఆయన కొంచెం వణుకుతున్నాడు. పెదనాన్న దగ్గర ఇంకో గొంగళి ఉండాలి. ఇక్కడ చలి బాగా ముదిరిందని చెప్పి అడిగి పంపండి.

ఇట్లు,
మీ అబ్బాయి.