పార్టీ మారింది, మీటరు ఆగలేదు

జార్జియా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో కూర్చోవడానికి కరెంటు గురించి తెలిసి ఉండాలన్న షరతేమీ లేదు. ఓట్లు తెచ్చుకోవడం తెలిస్తే చాలు. అమెరికాలో విద్యుత్ నియంత్రణ సభ్యులను చాలా రాష్ట్రాల్లో గవర్నర్లు నియమిస్తే, ఈ దక్షిణాది రాష్ట్రంలో అయిదుగురినీ ఆరేళ్ల పదవీకాలానికి జనమే ఎన్నుకుంటారు. 1879లో రైలు ఛార్జీల సంగతి చూడ్డానికి పుట్టిన సంస్థ ఇది. రైళ్లు వెనకబడ్డాయి, కరెంటు వచ్చి చేరింది, ఎన్నికలు మాత్రం నిలిచాయి. శాసనసభ్యుడికి ఇంతకంటే అనుకూలమైన ఉద్యోగం దొరకదు. ఎలాగూ చేతనైన పని ఓట్లడగడమే. పైగా ఈ పదవిలో ఎవరున్నారో ఓటరుకు సాధారణంగా తెలియదు కాబట్టి తిట్లు కూడా తక్కువ.

ఈ దారిలో నడిచినవారిలో ఎక్కువ కాలం నిలబడ్డ మనిషి లారెన్ మెక్‌డొనాల్డ్. ముద్దుపేరు బబ్బా. బ్యాలెట్ మీద కూడా అదే పేరు. 1970లో డెమోక్రాట్‌గా రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై ఇరవయ్యేళ్లు అక్కడే ఉన్నారు. 1990లో గవర్నర్ కావాలని పార్టీ ప్రైమరీలో నిలబడ్డారు. అవతల జెల్ మిల్లర్, ఆండ్రూ యంగ్, రాయ్ బార్న్స్ లాంటివాళ్లు. మిల్లర్ గెలిచారు, బబ్బా ఇంటికెళ్లారు. ఎనిమిదేళ్ల తర్వాత కమిషన్‌లో కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆ మిల్లర్ గారే పిలిచి కూర్చోబెట్టారు. ఓడించినవాడే పీట వేయడం రాజకీయాల్లో శత్రుత్వం కాదు, బాకీ తీర్చడం.

నాలుగేళ్లకే ఆ పీట కదిలింది. 2002లో పెద్దగా ఎవరికీ తెలియని రిపబ్లికన్ అభ్యర్థి ఏంజెలా స్పియర్ ఆయన్ను ఓడించారు. అదే ఏడాది జార్జియా నూట ముప్ఫై ఏళ్లలో తొలిసారి రిపబ్లికన్ గవర్నర్‌ను ఎన్నుకుంది. గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి వాతావరణ శాఖ అక్కర్లేదు. 2008లో స్పియర్ మళ్లీ పోటీ చేయలేదు. అదే కుర్చీకి బబ్బా తిరిగొచ్చారు, ఈసారి రిపబ్లికన్‌గా. నియమించిన మిల్లర్ డెమోక్రాట్‌గా ఉంటూనే 2004లో రిపబ్లికన్ల జాతీయ మహాసభ వేదికెక్కి బుష్ కోసం గర్జించారు. శిష్యుడు అంతకంటే నిజాయతీపరుడు, జెండానే మార్చుకున్నారు. ఛార్జీల పట్టిక ఏ పార్టీ రంగూ పూసుకోదు కనుక వినియోగదారుడికి ఈ మార్పు తెలిసే అవకాశం లేదు.

ఆ వినియోగదారుడి తరఫున వాదించడానికి ఒకప్పుడు రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ న్యాయవాది కార్యాలయం ఉండేది. 2008లో దానికి నిధులు ఆపేశారు. ఆ మరుసటి ఏడాదే అసలు బిల్లు వచ్చింది.

అగస్టా పట్టణానికి దిగువన, సవానా నది ఒడ్డున వోగుల్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ ఇంకో రెండు రియాక్టర్లు కడతామని జార్జియా పవర్ కంపెనీ అడిగింది. భాగస్వాములందరికీ కలిపి ఖర్చు 14 బిలియన్ డాలర్లన్నారు. 2016, 2017 నాటికి కరెంటు అన్నారు. 2009లో శాసనసభ ఒక చట్టం చేసింది. రియాక్టర్లు పూర్తయ్యేదాకా ఆగకుండా, కట్టడానికి తెచ్చిన పెట్టుబడి ఖర్చును ముందే వినియోగదారుల దగ్గర వసూలు చేసుకోవచ్చు. కమిషన్ అదే వసంతంలో ప్రాజెక్టుకు ఆమోదం తెలిపింది. బబ్బా తిరిగొచ్చి అప్పటికి మూడు నెలలు. 2011 నుంచి బిల్లులో 'న్యూక్లియర్ కన్‌స్ట్రక్షన్ కాస్ట్ రికవరీ' అని ఒక వరుస చేరింది. అట్లాంటా శివార్లలో ఆ కంపెనీ కనెక్షనున్న తెలుగు ఇళ్లు కూడా, అమలాపురం నుంచి వెళ్లినవైనా హనుమకొండ నుంచి వెళ్లినవైనా, ఇంకా పుట్టని కరెంటుకు నెలనెలా కప్పం కట్టాయి.

2017 మార్చిలో రియాక్టర్లు డిజైన్ చేసిన వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. పక్కనున్న సౌత్ కరొలైనా అదే రకం ప్రాజెక్టును ఆ ఏడాదే మధ్యలో వదిలేసింది. జార్జియా కమిషన్ డిసెంబరులో ఏకగ్రీవంగా 'కొనసాగించండి' అంది. సభ్యుడు స్టాన్ వైజ్ ఆ ఓటు వేసి, కొద్ది వారాల్లో పదవి వదిలారు. ఖాళీని గవర్నర్ నింపారు. ఎన్నికల పదవిలోకి నియామకం తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంటుంది. శాసనసభ నుంచి జేసన్ షా కూడా తర్వాత ఆ తలుపులోంచే వచ్చారు. చివరికి మూడో యూనిట్ 2023 జులైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో నడక మొదలుపెట్టాయి. ఏడేళ్ల ఆలస్యం, 30 బిలియన్లు దాటిన ఖర్చు. అందులో 7.56 బిలియన్లు జనం నుంచి రాబట్టుకోవచ్చని 2023 డిసెంబరులో కమిషన్ తేల్చింది. అంతకంటే ఎక్కువ అడగనందుకు కంపెనీకి ధన్యవాదాలు చెప్పుకోవడమే వినియోగదారుడికి మిగిలింది.

ఇంత చెప్పాక బబ్బా కంపెనీ మనిషనుకుంటే పొరపాటు. 2013లో కంపెనీ తెచ్చిన దీర్ఘకాలిక ప్రణాళికలో కొత్త సౌర విద్యుత్తు ఊసే లేదు. 525 మెగావాట్లు చేర్చాల్సిందేనని ప్రతిపాదించినవాడు బబ్బాయే. మూడు రెండు ఓట్లతో నెగ్గించారు. ఆయన వెనక నిలిచినవాళ్లు సియెర్రా క్లబ్ పర్యావరణవాదులు, టీ పార్టీ ఛాందసులు. ఒకరి ముఖం ఒకరు చూడని ఈ రెండు వర్గాలూ గుత్తాధిపత్యం మీద కోపంతో ఒకే గొడుగు కింద చేరాయి. నియంత్రణ అంటే ఏమిటో చూపించాలంటే ఆయన కెరీర్‌లో ఈ ఒక్క ఓటు చూపించవచ్చు. కంపెనీ అడగనిది చేయించడం అంత అరుదు.

తెలుగు రాష్ట్రాల్లో అయితే ఈ కథకు ఇంత నిడివి ఉండేది కాదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం నియంత్రణ మండలి పదవి అయిదేళ్లు, ఆ పదవిలోనే రెండోసారి లేదు, 65 దాటితే దిగాల్సిందే. ఇక్కడ ఆ కుర్చీ ఎక్కువగా రిటైరైన అధికారులకు, న్యాయమూర్తులకు. ఎమ్మెల్యే పదవి పోయినవారికి కార్పొరేషన్లు వేరే ఉన్నాయి. జార్జియాలో అయితే, బబ్బా 2021 జనవరి 5న మరోసారి ఓట్లడిగేసరికి ఆయన తొలి శాసనసభ ఎన్నికకు యాభయ్యేళ్లు నిండాయి. అంతకుముందు నవంబరులో సగం ఓట్లకు కాస్త తక్కువ పడటంతో రనాఫ్, అంటే మలివిడత పోలింగ్, వచ్చింది. అదే రోజు అదే బ్యాలెట్ మీద అమెరికా సెనేట్ స్థానాలు రెండూ డెమోక్రాట్లు ఎగరేసుకుపోయి వాషింగ్టన్‌లో సెనేట్ ఆధిక్యాన్నే తిప్పేశారు. రిపబ్లికన్ల వైపు గెలిచి మిగిలింది బబ్బా ఒక్కరే.

తర్వాత జనానికి అడిగే అవకాశమే లేకుండా పోయింది. సభ్యులు తలా ఒక జిల్లాలో ఉండాలి, ఓటు మాత్రం రాష్ట్రమంతా వేయాలి. దీనివల్ల నల్లజాతి ఓటు పలచబడుతోందని 2022లో ఫెడరల్ న్యాయమూర్తి అన్నారు. 2023లో అప్పీలు కోర్టు కాదంది. ఈ వ్యాజ్యం పేరుతో 2022లోనూ 2024లోనూ ఎన్నికలు జరగలేదు, ఛార్జీల పెంపు మాత్రం జరిగింది. 2025 నవంబరులో ఎట్టకేలకు రెండు స్థానాలకు పోలింగ్ పెడితే, ఇద్దరు రిపబ్లికన్ సభ్యులనూ ఓడించి అలీషియా జాన్సన్, పీటర్ హబ్బర్డ్ అనే డెమోక్రాట్లను 60 శాతానికి పైగా ఓట్లతో పంపారు. వాళ్లు 2026 జనవరిలో ప్రమాణం చేయాల్సి ఉండింది. డిసెంబరులోనే, దిగిపోయేవాళ్లు ఇంకా కుర్చీల్లో ఉండగానే, ప్రధానంగా డేటా సెంటర్ల కోసం సుమారు 10,000 మెగావాట్ల కొత్త విద్యుత్తుకు కమిషన్ ఆమోదముద్ర వేసింది.