కొండబావ దువ్వెన

అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల, ముఖ్యంగా మనవాళ్ళు చాలామంది ఇళ్ళు కొనుక్కున్న చాండ్లర్, గిల్బర్ట్ ఊళ్ళలో, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకొక కొండబావ ఉంటాడు. వయసు నలభై దాటి ఉంటుంది, యాభై వచ్చిందంటే ఒప్పుకోడు. ఉద్యోగం కంప్యూటర్ ముందు. జుట్టు ఇంటి అప్పు తీరకముందే వెళ్ళిపోయి ఉంటుంది. ఆయన అందరికీ బావే, ఎవరికీ సొంత బావ కానక్కర్లేదు. నాకు మాత్రం సొంత బావే. మా ఆవిడకి అన్నగారు. అందువల్ల ఆ జాతిని దగ్గర నుంచి పరిశీలించే భాగ్యం నాకు పట్టింది. మేం ఉండేది సియాటిల్‌లో. చలికాలమంతా ముసురు. క్రిస్మస్ సెలవులకి ఎండ మొహం చూద్దామని ఏటా ఆయన ఇంటికి వెళ్తాం, ఆయన కొండ మొహం చూపిస్తాడు.

కొండబావ వేసవిలో కనబడడు. పాములు చలికి పుట్టలో దూరితే ఈయన ఎండకి ఏసీలో దూరతాడు. అక్కడి ఎండ మన రోహిణీ కార్తెని పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పే రకం. 2023లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు, మన లెక్కలో 43. క్యామెల్‌బ్యాక్, పియెస్టెవా శిఖరాల లాంటి పేరున్న దారుల్ని తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో పట్టపగలు మూసేయడం 2021లో మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మా బావ ఇంటి నుంచి పోస్టు డబ్బా దాకా, రెండొందల గజాలు, కారులో వెళ్ళొస్తాడు. విచిత్రమేమిటంటే డిసెంబరులోనూ కారులోనే వెళ్తాడు. శనివారం ఐదారు మైళ్ళు కొండల్లో తిరిగే మనిషి శుక్రవారం ఉత్తరాలకి కారెందుకు తీస్తాడని అడిగితే, “అది ట్రైల్ కాదు కదండీ” అంటాడు.

దీపావళి వెళ్ళి పగటి వేడి ఇరవై డిగ్రీల దగ్గరికి దిగగానే అవతారం మొదలవుతుంది. గురువారం రాత్రి పదింటికి గ్రూపులో సందేశం పడుతుంది: ఎన్ని మైళ్ళు, ఎన్ని అడుగుల ఎత్తు, ఎవరెవరు ఏం తేవాలి. “ఎలివేషన్ గెయిన్” అన్న మాటని ఆయన ఎంసెట్ ర్యాంకు చెప్పినంత భయభక్తులతో పలుకుతాడు. కింద పద్నాలుగు బొటనవేళ్ళు లేస్తాయి. శనివారం తెల్లవారేసరికి అందులో తొమ్మిది బొటనవేళ్ళకి పిల్లల జలుబు, ఆఫీసు కాల్, వియ్యంకులొచ్చారు వంటివి తగులుతాయి. మిగిలిన ఐదుగురూ ఆరుంబావుకి రావలసినవాళ్ళు ఏడూ ఐదుకి వస్తారు. ఈ యాభై నిమిషాలూ ముందే తెలుసు కాబట్టే ఆరుంబావు అని పెడతాడని నాకు తర్వాత తెలిసింది.

మొన్న డిసెంబరు ఆఖరి శనివారం ఆయన సంచి సర్దుతుండగా పక్కన కూర్చుని చూశాను. మనిషికి మూడు లీటర్ల చొప్పున నీళ్ళు, అవిగాక “ఎవరో ఒకరు మర్చిపోతారు” అని ఇంకో రెండు లీటర్లు. తలకి కట్టుకునే లైటు. ఈల. గాయాలకి పట్టీలు. బత్తాయి తొక్కలు తిరిగి తెచ్చుకోవడానికి జిప్పు కవరు. ఎడారిలో తొక్క కుళ్ళదట, ఎండి అలాగే ఏళ్ళతరబడి పడి ఉంటుందట. అన్నీ అయ్యాక ఆఖర్న, పైజేబులో, చేతికి తగిలేలా ఒక దువ్వెన పెట్టాడు. వెడల్పు పళ్ళ ప్లాస్టిక్ దువ్వెన.

నేను దువ్వెన వంక చూశాను. ఆయన నున్నటి తల వంక చూశాను. మళ్ళీ దువ్వెన వంక చూశాను. మనిషికి ఆశ చావదు అనుకుని ఊరుకున్నాను.

ఆ రోజు దారి సూపర్‌స్టిషన్ కొండల్లో పెరాల్టా ట్రైల్. పైన ఫ్రీమాంట్ సాడిల్ అనే కనుమ దాకా ఎక్కి దిగడం. ఒకవైపు రెండు మైళ్ళ పైచిలుకు, 1,300 అడుగులకి పైగా ఎక్కుడు. అత్తయ్యగారు కూడా బయల్దేరారు. బాపట్ల నుంచి ఆర్నెల్లకి వచ్చిన మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. నేతచీర, దాని మీద కొడుకు స్వెట్టరు, కోడలి బూట్లు, తలకి మంకీ క్యాప్.

“అమ్మా, నువ్వు కింద బెంచీ మీద కూర్చో. ఇది టెక్నికల్‌గా ఉంటుంది” అన్నాడు బావ.

“అలిపిరిలో 3,550 మెట్లు ఏటా ఎక్కేదాన్ని రా. నీ టెక్నికల్ ఎంత?” అన్నారావిడ.

చివరి ఏడెనిమిది మైళ్ళు మట్టి రోడ్డు. కారు దిగేసరికి చలి గజగజ. బావ ఒంటి మీద నాలుగు పొరలున్నాయి. ఎక్కుతున్నకొద్దీ ఒక్కొక్కటీ విప్పి నడుముకి కట్టుకుంటూ పోయాడు. సగం దారికి మనిషి పైన బనీనుతో పల్చగా, కింద బట్టల కొట్టు స్టాండులా నిండుగా తయారయ్యాడు.

మొదటి పది నిమిషాలకి తొలి ఉపన్యాసం వచ్చింది. కర్ర రాయికి ఆనించి, చెయ్యెత్తి, ఒక సగ్వారోని చూపించాడు. సగ్వారో అంటే ఆ ఎడారి రాజు, నిలువెత్తు జెముడు, పక్కలకి చేతులు మొలిచి ఉంటుంది. “సొనోరా ఎడారిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మొదటి ఎనిమిదేళ్ళలో పెరిగేది అంగుళమో, అంగుళమున్నరో. చేతులు రావడానికి యాభై నుంచి డెబ్బై ఏళ్ళు.” అందరం ఆగాం. నేను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ మొక్క మొదలుని ఎంతో ఆసక్తిగా పరిశీలించాను. నిజానికి నా కళ్ళ ముందు మొక్క లేదు, మిణుగురులున్నాయి.

అత్తయ్యగారు మాత్రం దాన్ని పైనుంచి కిందికి చూసి, “గోవిందా అంటున్నట్టుంది పాపం” అన్నారు.

తర్వాత ఎండిన వాగు. దాన్ని వాష్ అంటారు. వాన వచ్చినప్పుడు నిమిషాల మీద పొంగుతుందని అక్కడొక ప్రసంగం. ఆకులు రాలిపోయినా పచ్చటి బెరడుతోనే వంట చేసుకునే పాలో వెర్డే దగ్గర ఇంకొకటి. దక్షిణానికి ఒరిగి పెరిగే పీపా జెముడు దగ్గర దిక్కుల మీద ఒకటి. కోట్ల ఏళ్ళ కిందట అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి ఈ రాళ్ళయ్యాయని ఒకటి. దారి నిటారయ్యేకొద్దీ ఉపన్యాసాలు దగ్గరపడ్డాయి. పది నిమిషాలకొకటి ఉన్నది ఐదుకొకటయింది, ఆ తర్వాత మలుపుకొకటయింది. ఎంత దూరమని ఎప్పుడడిగినా “ఇంకో పది నిమిషాలు” అనేవాడు. కొండబావ పది నిమిషాలు రబ్బరుతో చేసినవి.

ఒక మలుపులో కుక్కతో దిగుతున్నావిడకి దారి ఇద్దామని పక్కకి జరిగాను. పిక్కకి నిప్పు అంటుకున్నట్టయింది. చూస్తే నిమ్మకాయంత ముళ్ళ ఉండ ఒకటి ప్యాంటుని దాటి కండలో దిగబడింది. దూరం నుంచి చూస్తే బొచ్చు బొమ్మలా ముద్దొచ్చే టెడ్డీ బేర్ చోయా అదేనట. ఎగిరి కరుస్తుందని పేరు. ఎగరదు గానీ, కాస్త తగిలితే చాలు కణుపు ఊడి మనతో వచ్చేస్తుంది. ముళ్ళకి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలు. నేను చేత్తో లాగబోయాను.

“ముట్టుకోకండి బావగారూ! చేతికి అంటుకుంటే ఇంకో చేత్తో లాగుతారు, ఆ తర్వాత ఆ చెయ్యి కూడా పోతుంది” అని అరిచి, పైజేబులోంచి దువ్వెన తీశాడు. మోకాలి మీద కూర్చున్నాడు. నా చర్మానికీ ఆ ఉండకీ మధ్యకి దువ్వెన పళ్ళు మెల్లగా దూర్చాడు. వెనకెవరూ లేరని చూసుకుని, ఒక్క విసురు విసిరాడు. ఉండ ఎగిరి రాళ్ళలో పడింది. నాలుగు ముళ్ళు మిగిలితే పట్టకారుతో లాగాడు. నా నోటమ్మట వచ్చిన కేక ఫీనిక్స్ దాకా వినబడి ఉంటుంది.

బట్టతలవాడి దువ్వెన మీద పొద్దున నేననుకున్న మాటని మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

ఆ తర్వాత నీళ్ళ పాఠం. చలిలో దాహం తెలియదట. పొడిగాలి చెమటని కంటబడనివ్వకుండానే పట్టుకుపోతుందట. అందుకే వేసవిలో భయపడి నీళ్ళు మోసుకెళ్ళేవాడు చలికాలంలో ధీమాతో పడిపోతాడట. తెచ్చుకున్న నీళ్ళలో సగం అయ్యాయంటే, శిఖరం చెయ్యి చాపితే అందేటట్టున్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. చెబుతూ తలా ఒక ఎలక్ట్రోలైట్ పొట్లం పంచాడు. అత్తయ్యగారు ఒక గుక్క తాగి చప్పరించారు.

“ఎంత రా ఇది?”

“పొట్లం డాలరున్నర అమ్మా.”

“ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళకా?”

పదిన్నర దాటాక కనుమ చేరాం. అవతల లోయలోంచి వీవర్స్ నీడిల్ ఒక్కసారిగా లేచి నిలబడింది. కొన సముద్రమట్టానికి 4,553 అడుగుల ఎత్తున ఉండే రాతి స్తంభం. మైళ్ళ దూరం దాకా మనిషి అలికిడి లేదు, గాలి తప్ప చప్పుడు లేదు. బావ కూడా కాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత ఉండబట్టలేక, దాని నీడ పడేచోట బంగారు గని ఉందని చెప్పుకుంటారన్నాడు. జేకబ్ వాల్ట్జ్ అని ఒక జర్మనీవాడు, జనం డచ్చివాడనేవారు, 1891లో ఫీనిక్స్‌లో పోతూ పోతూ తనని చూసుకున్న ఆవిడకి ఏవో గుర్తులు చెప్పాడంటారు. ఇప్పటికీ వెతుకుతున్నారు, దొరకలేదు.

“గని ఉన్నవాడు పోయేటప్పుడు ఇంకొకరి పంచన ఉన్నాడా? లేదు నాయనా, ఏమీ లేదు” అని గనిని ఒక్క ముక్కలో పూడ్చేసి, అత్తయ్యగారు పులిహోర డబ్బా మూత తీశారు.

బావ రాళ్ళ మధ్య జనం పడేసిన పిస్తా పొట్టు ఏరడానికి వెళ్ళాడు. నాకు పిక్క మంటగా ఉంది, కడుపు నిండుగా ఉంది. ఆ స్థితిలో మనిషికి కృతజ్ఞత పొంగుతుంది. “అత్తయ్యగారూ, బావగారి మనసు ఇవాళ తెలిసిందండీ” అన్నాను. “ఆయన ఉపన్యాసాలు గొప్ప కోసం కాదు. నాకు ఆయాసం వచ్చినచోటల్లా ఆగారు. నన్ను ఆగమంటే నాకు నామోషీ కదా, అందుకని మొక్కల మీద పెట్టి ఆపారు. ఎంత సంస్కారం!”

ఆవిడ పులిహోర ముద్ద చేతిలో పట్టుకుని నా వంక జాలిగా చూశారు.

“అల్లుడుగారూ, వాణ్ణి ఎనిమిదో ఏట మొదటిసారి అలిపిరి ఎక్కించాం. గాలిగోపురం దాకా ఇదే తంతు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆగిపోయి ‘అమ్మా, ఈ మండపం ఎవరు కట్టించారు? అమ్మా, ఈ కోతి వయసెంత?’ అనేవాడు. అప్పుడు అడిగేవాడు, ఇప్పుడు చెబుతున్నాడు. అంతే తేడా.”

నా సిద్ధాంతం కూలిపోయింది. పూర్తిగా కూలిందో లేదో దిగేటప్పుడు చూద్దామనుకున్నాను. చూశాను. దిగుడులో ఒక్క ఉపన్యాసం లేదు. పొద్దున యాభై ఏళ్ళ చరిత్ర ఉన్న సగ్వారో పక్కనుంచి పలకరింపైనా లేకుండా వెళ్ళిపోయాడు. పాలో వెర్డే ఎవరో తెలియనట్టే నడిచాడు. దిగేవాడికి ఆయాసం లేదు, ఆయాసం లేకపోతే వృక్షశాస్త్రం లేదు. అత్తయ్యగారు మంకీ క్యాప్ లోంచి నా వంక చూసి నవ్వారు.

కార్లు కనబడే దూరానికి వచ్చేసరికి ఒంటిగంట కావొస్తోంది. ఎదురుగా ఒక కుర్రాడు ఎక్కుతున్నాడు. మనవాడే. చేతిలో అరలీటరు సీసా, అందులో సగం నీళ్ళు. మొహం ఎర్రబడింది. మమ్మల్ని చూసి, రొప్పు కనబడకూడదని ఊపిరి బిగబట్టి, “ఎంత దూరమండీ పైకి?” అన్నాడు.

బావ ఆగాడు. సంచి దించి, పొద్దున్నుంచి మోసిన రెండు లీటర్లూ తీసి వాడి చేతిలో పెట్టాడు. “ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది బాబూ. ఈ లోయలో ఇంకా ముందే నీడ పడుతుంది. మూడింటికి నువ్వెక్కడుంటే అక్కడ నుంచి వెనక్కి తిరుగు. లైటుందా?” లేదు. తన తలలైటు తీసి ఇచ్చాడు. ఫోను నంబరు రాసుకుని, అందరికీ ఇచ్చినట్టే గురువారం సందేశానికి ఆహ్వానం కూడా ఇచ్చాడు.

కుర్రాడు థాంక్స్ చెప్పి కదలబోయాడు. రెండడుగులు వేసి తూలాడు. బావ కర్రని రాయికి ఆనించాడు. చెయ్యెత్తాడు.

“వెళ్దువుగాని, ఆ సగ్వారో చూశావా? ఎనిమిదేళ్ళకి అంగుళమున్నర పెరుగుతుందంతే…”

కుర్రాడు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎంతో ఆసక్తిగా దాని మొదలు వంక చూడసాగాడు. నేను బావ వంక చూశాను. ఊపిరి మామూలుగానే ఉంది, పోస్టు డబ్బా దాకా కారులో వెళ్ళొచ్చినంత నిమ్మళంగా ఉంది.

అత్తయ్యగారి వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే నీడలో ఒక రాయి చూసుకుని, చీర సర్దుకుని కూర్చున్నారు.

“కూర్చోండి అల్లుడుగారూ” అన్నారు. “ఇంకో పది నిమిషాలు.”