డేటాబేస్‌ను భద్రంగా పోగొట్టుకోవడం ఎలా

వైరాలో ఎకరం కొనాలన్నా, పట్టా మీద లోను తెచ్చుకోవాలన్నా ఇప్పుడు ముందు చూసేది మట్టిని కాదు, కంప్యూటర్ తెరను. సర్వే నంబరు కొడితే ఎవరి పేరొస్తే ఆయనే ఆసామి. ఆ పేర్లను కాపాడే కొత్త డీబీఏ తమ్ముడికి, సీనియర్‌గా నాలుగు మాటలు.

ముందు బ్యాకప్. రోజూ తియ్యి, కానీ ఒక్కసారి కూడా తిరిగి ఎక్కించి చూడకు. పనిచెయ్యదని తెలిస్తే నీకే నిద్ర కరువు. ఈ విద్యలో మనకు గురువులు గిట్‌ల్యాబ్ వాళ్లు. 2017 జనవరి 31 రాత్రి అలసిపోయిన ఇంజనీరొకరు, ఏ సర్వర్‌లో ఉన్నాడో చూసుకోకుండా అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి, ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజువారీ కాపీ తీసే ప్రోగ్రాం వెర్షన్ కుదరక ఫెయిలవుతూనే ఉంది; ఆ సంగతి చెప్పే మెయిళ్లూ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసుకున్న కాపీ ఉండబట్టి బతికిపోయారు. జరిగిందంతా వాళ్లే బయటపెట్టి, మరమ్మతును యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చారు. ఆ ఒక్కటి మాత్రం నేర్చుకోకు. మనకు ‘సర్వర్ డౌన్’ అన్న రెండు ముక్కలు చాలు, మీసేవ ముందు లైను అదే కరిగిపోతుంది.

బ్యాకప్ డిస్కును ఆ సర్వర్‌కే తగిలించి ఉంచు. రాన్సమ్‌వేర్ వాళ్లకు వెతుక్కునే శ్రమ ఎందుకు? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు రాన్సమ్‌వేర్ తాళం పడ్డాక, ఓపీ చీటీలు మళ్లీ చేత్తో రాసుకున్నారు.

లాగిన్ ఆఫీసు మొత్తానికి ఒక్కటే ఉండాలి. ఎవరు ఏం మార్చారో తేలదు, ఎవరికీ మాట రాదు. ఫైర్‌వాల్ ఉందిగా, లోపలి వాళ్లను అనుమానిస్తే బాగుండదు. 2023లో టీఎస్‌పీఎస్సీ ప్రశ్నపత్రాల లీకులో పోలీసులు మొదట పట్టుకున్న వాళ్లలో కమిషన్ ఉద్యోగులే ఉన్నారు, గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. అయినా మన వాళ్లు మన వాళ్లే కదా. ఆడిట్ లాగ్ కూడా ఆపెయ్యి, డిస్కులో జాగా మిగులుతుంది.

ఇక అప్‌డేట్ క్వెరీ. సర్వే నంబరులో ఒక్క సబ్ డివిజన్ మీద కోర్టు కేసుంటే, ఆ గుంటలు వెతుకుతూ కూర్చోకు. మొత్తం నంబరునే నిషేధిత జాబితాలో పడెయ్. అటవీ హద్దు పల్లెలైతే ఇంకా సులువు, అక్కడెలాగూ అడవికీ పట్టాకూ గట్టు తగాదా ఉండనే ఉంది. షరతు రాయకుండా క్వెరీ కొడితే ఇంకా త్వరగా అయిపోతుంది. మర్నాటి నుంచి అమ్మకాల్లేవు, దరఖాస్తులే. నీకు ఉద్యోగ భద్రత.

కాలమ్‌లు ఎక్కువైతే తీసెయ్యొచ్చు కూడా. భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పహాణీలో అనుభవదారు కాలమ్ పోయింది. కౌలుకు దున్నేవాడు చేలో ఉన్నా రికార్డులో లేకుండాపోయాడు. టేబుల్ మాత్రం ఎంత తేలికైందో!

తప్పులు బాగా పేరుకున్నాక సర్దడం ఎలా అని కంగారుపడకు, పేరు మారుస్తారు. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పాత డేటా కొత్త ఇంట్లోకి తప్పులతో సహా నడిచొస్తుంది. వలస వెళ్లే ముందు వరుసలు లెక్కపెట్టి సరిచూడమని పుస్తకాలు చెబుతాయి. పుస్తకాలు రాసినవాళ్లకు డెడ్‌లైన్లుండవు.

ఎప్పుడైనా వైరా నుంచి ఒక పెద్దాయన 1954-55 ఖాస్రా పహాణీ నకలు మడతపెట్టి తెస్తే, విసుక్కోకు. కూర్చోబెట్టి టీ పోయించు. ఆయన తాగేలోపు ఆ కాగితం జిరాక్స్ తీసుకో, అవసరపడుద్ది.