బోరు పాయింటు, సిగ్నల్ పాయింటు

బాగేపల్లి, చింతామణి పక్క ఎవరు బోరు వేయించాలన్నా ముందు పాయింటు చూసే పెద్దమనిషికి కబురు పోతుంది. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిటారుగా నిలబడిన చోట నీళ్లున్నట్టు. అక్కడ వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేచిందనుకోండి, "నేను చూపించిందానికి రెండడుగులు పక్కన వేసినారు" అంటాడు. దక్షిణ మాత్రం వెనక్కి రాదు.

ఇప్పుడా నడక ఊరంతా నడుస్తోంది, చేతిలో కాయ బదులు ఫోను. మిద్దె మీద తూర్పు మూల ఒక గీత. పశువుల కొట్టంలో సున్నా. చింతచెట్టు పక్క బండ ఎక్కితే రెండు. పెళ్లి సంబంధాలు ఖాయం చేసేదీ, బ్యాంకు ఓటీపీ అందుకునేదీ ఆ బండ మీదే.

అయినా కంపెనీల ప్రకటనల్లో చూడండి, "జనాభాలో 99 శాతానికి మా నెట్‌వర్క్!" ఇందులో కిటుకు 'జనాభా' అన్న మాటలో ఉంది. లెక్క జనానిది, నేలది కాదు. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు సిగ్నల్ అందితే మా ఊరు మొత్తానికి అందినంత పుణ్యం. పైగా జనాభా లెక్కలు మనిషిని ఇంటి దగ్గర లెక్కపెడతాయి. మా మనిషి తెల్లారకముందే చేనికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు. రాత్రి 99 శాతంలో పడుకుని, పగలంతా మిగిలిన ఒక్క శాతంలో కలుపు తీస్తాడు.

ఇలాంటి మహిమల పని పట్టిన మనిషి మా జిల్లావాడే. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరుగా ఉంటూ 1976లో మహిమల నిగ్గు తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆయన అడిగిందల్లా ఒక్కటే: మా కళ్లెదుట చేసి చూపించండి. ఆయనే ఉంటే కంపెనీలనూ అదే అడిగేవారు. పటంలో రంగు పూసిన చోటికి రండి, నిలబడి ఒక్క కాల్ చేయండి.

పటమంటే గుర్తొచ్చింది. కవరేజి పటాలు వెబ్‌సైట్లలో పెట్టి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల్లో కంపెనీలను ఆదేశించింది. మంచి పనే. అది తెరుచుకోవడానికి మళ్లీ బండ ఎక్కాలి, అంతే. ఎక్కి చూస్తే మా చేను నిండా రంగే. గుట్ట అవతల, రేకుల షెడ్డులోపల ఏం జరుగుతుందో ఆ రంగుకేం తెలుసు?

మా మామకు తెలుసు. ఆయన బోరు మోటారుకు మొబైల్ స్టార్టరుంది. పెట్టెలో ఒక సిమ్ము. ఇంటి నుంచి దానికి ఫోన్ చేస్తే మోటారు తిరగాలి. రాత్రి రెండింటికి త్రీఫేజ్ కరెంటు వస్తుంది, మామ ఫోన్ చేస్తాడు, కన్నడ అమ్మాయి ఎత్తుతుంది: "వ్యాప్తి ప్రదేశద హొరగిద్దారె." కవరేజి పరిధి బయట ఉన్నారట. నాలుగేళ్లుగా బోరు పక్కన కాంక్రీటు దిమ్మె మీద బిగించి ఉన్న పెట్టె ఊరు విడిచి ఎక్కడికో పోయిందన్నమాట! "అది యాడికి పోయిందో చూసొస్తా అల్లుడా" అని మామ టార్చిలైటు పట్టుకుంటాడు.

కంపెనీ మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. 'పోర్ట్' అని కొట్టి, నంబరు చేర్చి 1900కు మెసేజ్ పంపాలి. సిగ్నల్ లేదని వదిలేస్తున్న కంపెనీ సిగ్నల్‌తోనే పంపాలి. విడాకుల కాగితం అత్తారింటి పోస్టుమాన్ చేతికే ఇచ్చినట్టు. మారాక మళ్లీ మనసు మారితే 90 రోజులు ఆగాలి.

మారి సాధించేది కూడా అంతంతే. కంపెనీలు వేరైనా చాలాచోట్ల టవరు ఒక్కటే. ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకున్న అన్నదమ్ముల్లా దాని మీద అద్దెకుంటాయి. కరెంటు పోయి టవరు బ్యాటరీ అయిపోతే పొయ్యిలన్నీ ఒక్కసారే ఆరతాయి. స్టార్టరు సంగతి ఇంకొకటి. పాత పెట్టెలు 2జీ మీద నడిచేవి. జియోకు 2జీ లేనే లేదు. అందులో ఆ సిమ్ము వేస్తే పెట్టె పుట్టుమూగ.

కాబట్టి సిమ్ము కొనేముందు పోస్టరు చూడకండి. పొద్దున పాల డెయిరీ దగ్గర క్యాన్లతో నిలబడ్డవాళ్ల జేబుల్లో అన్ని కంపెనీలూ ఉంటాయి. నలుగురిని బతిమాలి చేనికి పిలుచుకుపోండి. కొట్టంలో ఒక కాల్, షెడ్డులో ఒకటి, స్టార్టరు పక్కన ఒకటి. కరెంటు పోయి నాలుగు గంటలైన రోజు ఇంకొకసారి. ఒక కాఫీ ఖర్చుతో పోతుంది.

పోయిన ఎండాకాలం పాయింటు చూడటానికి కొబ్బరికాయ పెద్దమనిషి మా చేనికి వచ్చాడు. కాయ నిలబడింది, మేం దండం పెట్టాం. పోయేటప్పుడు, "నీ ఫోనుకు ఏ కంపెనీ సిమ్మయ్యా?" అని అడిగాను.

"రెండు కంపెనీలవి ఉండాయి సామీ" అన్నాడు. "ఒకదాన్నే నమ్ముకుంటే బతుకు జరుగుతుందా?"