రెండెకరాలు

2018 నీట్‌లో మా అన్నయ్య కూతురికి 720కి 431 వచ్చాయి. ఓపెన్ కేటగిరీ. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ఆఖరి విడత దాకా ఎదురుచూశాం. కన్వీనర్ సీటు రాలేదు.

ప్రైవేటు మెడికల్ కాలేజీలో సగం సీట్లు కన్వీనర్‌వి, 35 శాతం బి కేటగిరీవి, 15 శాతం ఎన్నారైలవి. పాఠాలు అవే, రోగులు వాళ్లే, ఫైనల్ పరీక్షా ఒకటే. వేరయ్యేది ఫీజు. కన్వీనర్ సీటుకి ఏడాదికి వేలల్లో సరిపోయేది, బి కేటగిరీకి 12 లక్షలు దాటేది. పిల్లకొచ్చిన మార్కులకి బి కేటగిరీ సీటు దొరికేదే.

"అన్నయ్యా, తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి ఉందిగా. అమ్మేసెయ్" అన్నాను.

"అది దాని పెళ్లికిరా. చదువుకి పోసేస్తే రేపు దాన్నెవడు చేసుకుంటాడు?"

"పోనీ ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్‌కి పంపు నాన్నా. మళ్లీ రాస్తాను" అంది పిల్ల. పంపలేదు. సీటు కోసం రెండోసారీ మూడోసారీ రాసేవాళ్లు మన ఊళ్లలో ఎందరు లేరు! పది మార్కుల తేడాతో తలరాత మారే పరీక్షలో దానికి రెండో అవకాశమే లేకుండా చేశాడని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. బీఎస్సీలో చేరింది.

2024లో డాక్టరు సంబంధం కుదిరింది. హౌస్ సర్జన్సీ అప్పుడే పూర్తిచేసిన కుర్రాడు. కట్నం నేరమని 1961లోనే చట్టం చేశారు. అయినా అన్నయ్య ఆ రెండెకరాలూ అమ్మి, డబ్బు మొత్తం వియ్యంకుడి చేతిలో పెట్టాడు. "నా కూతురు డాక్టరు కాకపోతేనేం, డాక్టరు గారి భార్య" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

పెళ్లి భోజనాల్లో వియ్యంకుడుగారు నా పక్కనే కూర్చున్నారు.

"మీ అన్నగారు సమయానికి సర్దారండీ. బ్యాంకు అప్పు తీరిపోయింది."

"ఏం అప్పండీ?"

"మావాడి సీటు అప్పే. బి కేటగిరీ కదా, ఐదేళ్ల ఫీజు."

"ఏ సంవత్సరంలో చేరాడండీ?"

"2018లో. రెండేళ్లు లాంగ్‌టర్మ్ చదివించానండీ. అయినా 368 దాటలేదు."