ఒక నోటుబుక్కు, తొమ్మిది చేతులు

గిరిజన గూడేల్లో పేదపిల్లల చదువుకు జరిగే సాయాన్ని వాడుకలో 'పంపిణీ' అంటారు. దీనికి దాత, ఫ్లెక్సీ, ఫోటోగ్రాఫరు, నోటుబుక్కు కావాలి. పిల్లవాడూ కావాలి గాని, వాడు అక్కడే దొరుకుతాడు కనుక వెంట తీసుకెళ్లే పనిలేదు.

పంచే వస్తువు ఏదైనా కావచ్చు, దానికి ఒక్కటే కొలత: ఫోటోలో పట్టాలి. నోటుబుక్కు పడుతుంది. దుప్పటి పడుతుంది. స్టీలు పళ్లెం పట్టడమే కాదు, మెరుస్తుంది కూడా. టీచరు కూడా ఫోటోలో పడతాడనుకోండి, కాని ఏడుగురు కలిసి అతన్ని పట్టుకుని పిల్లవాడి చేతిలో పెడుతున్నట్టు నిలబడడం కుదరదు. అందుకే పంపిణీ జాబితాలో టీచరు కనిపించడు.

నోటుబుక్కు ఇచ్చే పద్ధతి ఇది. వరండాలో పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి మొదటి పిల్లను పిలుస్తారు. సేవాసంస్థ అధ్యక్షుడు పుస్తకం పైఅంచు పట్టుకుంటాడు, కార్యదర్శి కిందిఅంచు, కోశాధికారి ఒక మూల. మిగిలిన జాగాలో సర్పంచి, ఎంపీటీసీ, వార్డెన్ సారు, దాతగారి బావమరిది సర్దుకుంటారు. పిల్ల చేతులు రెండూ కలిపితే తొమ్మిది. వేలు దూర్చే సందు దొరకనివాళ్లు పక్కవాడి మోచెయ్యి పట్టుకుంటారు. పుణ్యం కరెంటులా అలా కూడా పారుతుందని నమ్మకం. "ఇటు చూడమ్మా, కాస్త నవ్వమ్మా" అంటాడు ఫోటోగ్రాఫరు. పిల్ల చూపు మాత్రం బల్ల కింద ఉన్న బిస్కెట్ల అట్టపెట్టె మీద ఉంటుంది. అది సభ అయ్యాకే విప్పుతారు. ఈలోగా ఎవరో కళ్లు మూసి ఉంటారు, ఫోటో చెడుతుంది. పుస్తకం వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. ఒకే పుస్తకం మూడుసార్లు దానమైనా రిజిస్టరులో ఒక్కటే రాస్తారు. ఆ నిజాయితీని కాదనలేం.

పంపిణీ ఎక్కడ జరగాలో తేల్చేది అవసరం కాదు, తారురోడ్డు. కారు ఎంతదాకా వెళ్తే దానం అంతదాకా వెళ్తుంది. మన్యంలో రోడ్డు ఆగిపోయిన చోటికి పైనున్న ఊళ్ల నుంచి నిండు గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తారు. నోటుబుక్కును ఎదురు మోసుకెళ్లే ఆచారం మాత్రం లేదు. పిల్లల్నే కొండ దింపుతారు, రెండు గంటల ముందే. విశాఖలో తెల్లవారగానే బయల్దేరి చీకటిపడేసరికి ఇల్లు చేరాలనుకునే దాతలకు అనంతగిరి, అరకు, లంబసింగి అనువైనవి. గోదావరి వైపు వాళ్లకు మారేడుమిల్లి. బొంగులో చికెన్ పొగ కనిపించేంత దూరంలోనే విద్యాదానం ఇంత జోరుగా సాగడం యాదృచ్ఛికమేనని దాతల వాదన.

పంపిణీకి రుతువులున్నాయి. జూన్‌లో బడులు తెరిచినప్పుడు పుస్తకాలు, సంచులు. పుష్యమాసపు చలికి దుప్పట్లు. జెండా పండగలకు పెన్సిళ్లు, మిఠాయి. జూన్‌లో చిన్న చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి పిల్లలకు ప్రభుత్వమే బ్యాగు, బూట్లు, బెల్టు, సాక్సులు, నోటుబుక్కులు, యూనిఫాం బట్ట కిట్టుగా ఇస్తోంది. 2020లో దాని పేరు జగనన్న విద్యాకానుక; 2024లో ప్రభుత్వం మారాక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. పేరు మారింది గాని పిల్లవాడి వీపు ఒక్కటే. దాని మీద ప్రభుత్వం సంచి ఒకటి ఉండగా దాత రెండోది తగిలిస్తాడు. ఇంకో దాత వస్తే మూడోది. రోడ్డు పక్క గూడెంలో మూడో సంచిలో ఉల్లిపాయలుంటాయి. పై గూడెంలో పుస్తకాలు యూరియా సంచిలో ఉంటాయి.

అన్నిటికంటే పెద్ద సీజను మార్చి. దీనికి కారణం 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్. రూ.500 కోట్ల నికర విలువో, రూ.1000 కోట్ల టర్నోవరో, రూ.5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టుకు కేటాయించనిదీ, ఖర్చు కానిదీ అయిన సొమ్మును కేంద్రం చూపించిన నిధులకు జమ కట్టాలని 2021లో బిగించారు. జమ కడితే ఫ్లెక్సీ కట్టే యోగం లేదు. అందుకని మార్చి మూడోవారంలో కంపెనీ హృదయం కరుగుతుంది. పరీక్షలు అయిపోవస్తున్న బడికి, ఏప్రిల్‌లో తాళం పడబోతున్న హాస్టలుకు, ఒక లారీడు నోటుబుక్కులు దిగుతాయి. వేసవంతా స్టోరు రూములో చెదలు వాటిని శ్రద్ధగా చదువుతాయి.

దీని ఫలితం ఏమిటని చట్టం అడగకపోలేదు. సగటున ఏడాదికి రూ.10 కోట్లు, ఆపైన సామాజిక బాధ్యత బరువున్న కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకు బయటివాళ్లతో ప్రభావ అంచనా వేయించాలి. లారీడు నోటుబుక్కులకు ఆ బెడద లేదు. 'లబ్ధిదారుల సంఖ్య' అన్న గడి నింపితే చాలు. అందులో ఎంతమంది చదవడం నేర్చారన్న గడి ఉండదు.

వ్యక్తిగత దాతలకు ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకిచ్చే మినహాయింపు ఊతం. కాని వస్తువు ఇస్తే మినహాయింపు లేదు, రూ.2000 దాటి నగదు ఇచ్చినా లేదు. గుర్తింపు ఉన్న ట్రస్టుకు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తెచ్చుకోవాలి. కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపే తీసేశారు. ఆ విధానం ఎంచుకున్న దాత ఫోటోతో సరిపెట్టుకోవలసిందే.

హాస్టళ్లలో ఇంకో ప్రత్యేక దానం ఉంది, పుట్టినరోజు. పట్నంలో అబ్బాయికి ఆరో ఏడు వస్తుంది. కేకు, బిర్యానీ పొట్లాలు పట్టుకుని కుటుంబం ఆశ్రమ పాఠశాలకు వస్తుంది. నూట ఇరవైమంది పిల్లలు చప్పట్లు కొడుతూ ఇంగ్లీషులో పాడతారు. నెలకు మూడు నాలుగు వస్తాయి గనుక ఆ పాట వాళ్లకు ఎక్కాలకంటే బాగా వచ్చు. ఆ నూట ఇరవైమందిలో చాలామందికి రికార్డులో పుట్టినరోజు ఒకటే, జూన్ 1 లాంటిది. బడిలో చేర్చుకున్న రోజు పంతులు వేసిన తేదీ అది.

ఇక ఫోటోలో పట్టనివి కొన్నున్నాయి. మొదటిది భాష. పాడేరు వైపు ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా. సీతంపేట వైపు సవర. చింతూరు, భద్రాచలం వైపు కోయ. ఉట్నూరు వైపు గోండి, కొలామి. ఆరేళ్ల పిల్ల బడికొచ్చి కూర్చుంటే పంతులు తెలుగులో గద్దిస్తాడు. ఆ పిల్ల మౌనాన్ని రిజిస్టరులో 'వెనకబాటుతనం' అంటారు. పంతులుకు కువి రాకపోవడాన్ని ఏమనాలో రిజిస్టరులో లేదు.

ఈ సంగతి ముందే కనిపెట్టిన తెలుగువాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ, తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర భాషలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరిపి తెలుగు గొప్పదనం గురించి ఉపన్యసిస్తారు. సవర మాట సాధారణంగా రాదు. ఇక ఆదిలాబాదులో 1940లో జోడెఘాట్ దగ్గర గోండుల నాయకుడు కుమ్రం భీము పోలీసు తూటాలకు నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పిలిపించింది. మార్లవాయిలో 1943లో మొదలైన కేంద్రం గోండు పిల్లలకు గోండులనే టీచర్లుగా తయారుచేసింది. వీళ్లు చేసినవేవీ అట్టపెట్టెలో తెచ్చి పంచేవి కావు.

రెండోది, పంపిణీ జాబితాలో కనిపించని ఆ టీచరు. ఏజెన్సీ బడుల్లో పంతుళ్లు రారనే ఉమ్మడి రాష్ట్రంలో 2000లో జీవో 3 తెచ్చి షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని బదులు ఏం చెయ్యాలన్నది ఎన్నికల సభల్లో హామీగా భద్రంగా ఉంది. ఈలోగా ఆశ్రమ పాఠశాలల్లో చాలాచోట్ల బండి లాగుతున్నది సీఆర్టీలు, అంటే కాంట్రాక్టు టీచర్లు. జీతం అందని నెలల్లో వాళ్లే 'లబ్ధిదారుల' వరసలో నిలబడదగినవాళ్లు, కాని ఫోటోకు వాళ్ల ఎత్తు కుదరదు.

మూడోది గజ్జి. హాస్టలు పిల్లల వేళ్ల సందుల్లో ఉంటుంది. దానికి మందు ఒక్క పిల్లకు రాస్తే చాలదు. పక్కన పడుకున్నవాళ్లందరికీ రాసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. అందుకు నీళ్లుండాలి, సబ్బుకిచ్చే కాస్మెటిక్ చార్జీలు వేళకు రావాలి. ఇందులో దాత నిలబడదగిన భంగిమ లేదు. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ బిగించడానికి కూడా ముందుకొచ్చినవాళ్లు తక్కువ. తలుపు ముందు నిలబడి రిబ్బను కత్తిరించడం బాగోదు.

అన్నిటికంటే దాతలకు దూరమైనది పదో తరగతి తరవాతి కాలం. ఉచిత నిర్బంధ విద్యాహక్కు పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది, దాత అంతకన్నా ముందే ఆగుతాడు. చిన్నపిల్ల ఫోటోకు బాగుంటుంది. పదహారేళ్ల కుర్రాడు కళ్లలోకి చూసి ప్రశ్నలడుగుతాడు. వాడికి కావలసింది కుల ధ్రువీకరణ పత్రం, బస్సు పాసు, పట్నంలో ఉండడానికి ఒక గది, మూడు నాలుగేళ్లు ఆగకుండా కట్టే ఫీజు. నాలుగేళ్లు పట్టే దానానికి నాలుగేళ్ల తరవాత గాని ఫోటో రాదు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు శాలువాలు కప్పినవాళ్లకు లెక్కలేదు. ఆమె చదివింది సర్కారు సాంఘిక సంక్షేమ గురుకులంలో. అక్కడ ఏళ్ల తరబడి అన్నం పెట్టి, బట్టలిచ్చి, పాఠం చెప్పినవాళ్లు ఏ ఫ్లెక్సీలోనూ లేరు.

పంపిణీ అయ్యాక గూడెంలో మిగిలేది ఫ్లెక్సీయే. పంచినవాటిలో అన్నిటికంటే గట్టిది, వాన ఆగేది అదే. కార్లు మలుపు తిరగగానే వంటమనిషి దాన్ని విప్పించి, ముద్రవేసిన వైపు లోపలికి వచ్చేలా వంటషెడ్డు మీద పరిపిస్తుంది. దాతల మొహాలు అలా పొయ్యిని చూస్తూ ఉండిపోతాయి. వానాకాలంలో పప్పు ఉడికేదాకా పిల్లలు అక్కడే చేరతారు. మూడో తరగతివాళ్లు తలలెత్తి అక్షరాలు కూడబలుక్కుంటారు. పెద్ద అక్షరాలు, రంగులు, మంచి వెలుతురు. వాచకంలో ఇంత సౌకర్యం లేదు. 'అధ్యక్షులు' దగ్గర ఆగిపోతారు. క్షకారం ఇంకా చెప్పలేదు. ఆ వరస వదిలేసి కింది వరసకు వెళ్తారు.