పర్మిట్ ఎవరికి? గదికా, మనిషికా?

బోధన్ దాటి, సాలూర దగ్గర మంజీర వంతెన మీదుగా నాందేడ్ వైపు పోయేవాళ్లకు ఒక హెచ్చరిక. వంతెన అవతల ఒక ఇంగ్లిషు మాటకు అర్థం మారిపోతుంది. ఆ మాట 'పర్మిట్'.

మన నిజామాబాద్ వైపు పర్మిట్ రూమ్ అంటే వివరించక్కర్లేదు. వైన్స్ పక్కన రేకుల షెడ్డు, ప్లాస్టిక్ గ్లాసు, పల్లీల పొట్లం. నాందేడ్‌లో అదే బోర్డు అసలు సిసలు బార్ మీద ఉంటుంది. లోపల కుర్చీ, మెనూ కార్డు, బేరర్ సలాం. మనవాడు షెడ్డు లెక్కన జేబు తడుముకుని పోతాడు. బిల్లు వచ్చాక దిగిపోతుంది, తాగింది.

ఇంగ్లిషు పంతుళ్లు ఏమంటారంటే, స్పెల్లింగ్ ఒకటే అయినా నామవాచకమైతే మొదట నొక్కి పలకాలి, క్రియ అయితే చివర. మనకా బాధ లేదు. ఎక్కడా నొక్కం, క్రియ కావాలంటే పక్కన 'చేయు' తగిలిస్తాం. చిక్కంతా పర్మిట్ ఎవరికన్న దగ్గరే. తెలంగాణలో గదికి ఇస్తారు. మహారాష్ట్రలో తాగే మనిషికే ఉండాలి. అక్కడ 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం పేరు మార్చుకుని ఇంకా బతికే ఉంది మరి. కాగితం మీద నిషేధం, దాని కింద మినహాయింపు! విదేశీ మద్యానికి రోజు పర్మిట్ 5 రూపాయలు, ఏడాదికి 100, జీవితాంతానికి 1000. ఈ చివరి బేరంలో ఖజానాకు నష్టం రాదు. కొన్నవాడి జీవితం ఎటూ పొడుగవదు.

నాందేడ్ 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ నవంబర్ 1న బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్‌లలోని తెలుగువాళ్లకు ఆ లెక్కన కొత్త రాష్ట్రంతో పాటు కొత్త వ్యాకరణమూ వచ్చిపడింది.

ఆచరణలో మాత్రం నామవాచకం బోర్డు మీదే ఆగిపోతుంది. టేబుల్ దగ్గర నీ పర్మిట్ ఏదని అడిగిన బేరర్‌ని చూసినవాళ్లు చేతులెత్తండి. క్రియ ఒక్కటే నిర్విఘ్నంగా సాగుతోంది. అదే ఎంహెచ్ 26 నంబరు జీపు సరిహద్దు దాటనివ్వండి, ముందు అడిగేది పర్మిటే. బండి నడవాలంటే కాగితం కావాలట, బండి నడిపేవాడు తూలడానికి అక్కర్లేదట!

అటువైపు పెళ్లిళ్లకు పోయే బంధువులకు మనవి. బోర్డు చూసి మన షెడ్డే అనుకోకండి, మెనూ కార్డులో కుడివైపు ముందు చదవండి. 5 రూపాయల పర్మిట్ అడిగి మరీ రాయించుకోండి. బీరుకు 21, విస్కీకి 25 ఏళ్లు నిండాలన్నది కూడా అక్కడి నిబంధనే. బావమరిది వెంట వస్తానంటే ముందు వాడి ఆధార్ కార్డు చూడండి.